హిల్యా ఫ్రిజ్‌లోని చలికాలం

అది 1987, వేసవి. జులై ఆరో తేదీ సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, ఎప్పట్లాగే, టవునో పక్కింటి వెనక మెట్లెక్కి హిల్యా వంటింట్లోకి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. అతను తలుపు తట్టలేదు. ఆవిడ రమ్మనలేదు. ఇరవై మూడేళ్లుగా ఒకే వేళకి ఒకే కుర్చీలో కూర్చుంటున్న మనిషిని రమ్మని పిలవడం ఆ ఊళ్లో ఎవరికీ తోచదు. కిటికీ అవతల, అమెరికా ఉత్తరపు అంచున, సుపీరియర్ సరస్సు అద్దంలా ఉంది. హిల్యా కాఫీ పోసి, ఏలకుల రొట్టె రెండు ముక్కలు కోసి పెట్టింది. అతను చక్కెర బిళ్ల పళ్ల మధ్య బిగించి, కాఫీని సాసర్లోకి ఒంపుకుని, బిళ్లలోంచి పీల్చడం మొదలుపెట్టాడు.

"కాళ్లు పైకి పెట్టుకో," అంది హిల్యా.

"ఎందుకు?"

"కిందకి చూడు, తెలుస్తుంది."

చూశాడు. మూలనున్న ఫ్రిజ్ కింది అంచు నుంచి అతని కుర్చీ కాళ్ల దాకా నేలమీద తెల్లగా నూగు మంచు పాకి ఉంది. మేజోళ్ల కింద చల్లగా తగులుతుంటే ఇందాకట్నుంచి తన వయసు వల్లేమో అనుకుంటున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"జూన్ ఆఖర్నుంచి. మొదట తలుపు దగ్గర చెమ్మ కనిపించేది. తర్వాత ఇలా. వంటింట్లో ఈ చలికి పెరుగు కూడా తోడుకోవడం లేదు. నిన్న గిన్నె పట్టుకెళ్లి ఎండలో పెట్టుకున్నాను, జులై నెలలో."

"ముందే చెప్పాల్సింది."

"నీకు కళ్లున్నాయి కదా అనుకున్నాను."

టవునో సాసర్ కింద పెట్టి ఫ్రిజ్ కేసి చూశాడు. భుజాలు గుండ్రంగా, పాలరంగులో, గడ్డం కింద దాకా వచ్చే ఎత్తులో ఉంటుంది. దాని వైరు చుట్టచుట్టి వెనక మేకుకి తగిలించి ఉంది. ఆ ప్లగ్గు ఇరవై మూడేళ్లుగా గోడ మొహం చూడలేదు.

అదెలాగో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ఫ్రిజ్ కొన్న కొత్తలో, 1964 ఫిబ్రవరిలో, తుపానుకి స్తంభాలు కూలి పదకొండు రోజులు కరెంటు పోయింది. అప్పటికి హిల్యాకి ముప్ఫై రెండేళ్లు. లోపలున్న మాంసం పాడవకుండా ఆవిడా మొగుడూ కలిసి ఫ్రిజ్‌ని వెనక వసారాలోకి జరిపి, తలుపు బార్లా తెరిచి పెట్టారు. చలికాలం లోపలికి వచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున్న మొగుడు వెయికో, గడ్డకట్టిన సరస్సు మీదకి వలలు తీయడానికి వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే గాలి తిరిగింది. ఒడ్డు నుంచి ఐదు మైళ్ల ఐసు విరిగి, మొత్తంగా లోపలికి కొట్టుకుపోయింది. మూడు పడవలు వెతికాయి. ఏమీ దొరకలేదు. పదకొండో రోజు కరెంటు వచ్చాక హిల్యా ఫ్రిజ్‌ని లోపలికి తోసుకొచ్చి, ప్లగ్గు పెట్టబోతూ తలుపు తీసి చూసింది. లోపల చలి అలాగే ఉంది. కింది అరలో ఆరు హెర్రింగ్ చేపలు, రాయిలా గడ్డకట్టి, మొప్పల్లోంచి దారం గుచ్చి కట్టి ఉన్నాయి. ముడి వెయికోది. చివర రెండు సార్లు తిప్పి వేసే ముడి ఆ ఊళ్లో మరెవరూ వెయ్యరు.

ఆ పూట హిల్యా ప్లగ్గు పెట్టలేదు. అప్పట్నుంచి రెండు మూడు వారాలకోసారి కింది అరలో చేపలు వస్తూనే ఉన్నాయి. ఒకసారెప్పుడో టవునో చెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చి చూశాడు. వెనక రేకు తగల్లేదు. గాలి తగిలింది. దూరంగా గునపంతో ఐసు కొడుతున్న చప్పుడు వినిపించింది. ఆ ఫ్రిజ్‌లో 1964 చలికాలం ఇంకా గడవలేదు, వెయికో ఇంకా పనిలో ఉన్నాడు, అంతే. పాస్టరు గారు చర్చి పుస్తకంలో చనిపోయిన వాళ్ల పేజీలో అతని పేరు రాయలేదు. కరెంటు కంపెనీ మనిషి వచ్చి మీటరు చూసి, ఫ్రిజ్ చూసి, రొట్టె తిని వెళ్లాడు. హిల్యా మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు. మొగుడు పనికి వెళ్లిన ఆడమనిషికి పెళ్లేమిటి?

పిలవలేదా అని బయటివాళ్లు అడిగేవారు. పిలవలేదు. ఐసు మీద పనిలో ఉన్న మనిషిని ఒడ్డు నుంచి పిలవకూడదు, పిలిస్తే వల ఖాళీగా వస్తుంది. ఆ తీరంలో పుట్టిన ప్రతి పిల్లకీ నడక రాకముందే తెలిసే సంగతి అది. పైగా ఇంటికి ఎప్పుడు రావాలో మగవాడికి తెలియదా? గుర్తు చేస్తే అవమానించినట్టు ఉంటుంది. అలా ఇరవై మూడేళ్లు ఎవరూ ఒక్క మాట లోపలికి పంపలేదు.

టవునో వెళ్లి పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు. అతనికి అప్పుడు యాభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు వెయికోతో కలిసి వలలు వేసినవాడు. తర్వాత పడవ ఇంజన్లు బాగుచేస్తూ ఒంటరిగా బతికేస్తున్నాడు. పెద్ద మొండివాడని పేరు. తన చేత్తో బాగుచేయగలిగిన దాన్ని కొత్తది కొనడం అతని దృష్టిలో దొంగతనం తర్వాత అంతటి తప్పు.

ముందు తలుపు చుట్టూ ఉన్న రబ్బరుని సోడా కలిపిన వేడినీళ్లతో కడిగాడు. ముడతల్లో ఇరవై మూడేళ్ల వెన్నా జామూ వచ్చాయి.

"బాగానే తినిపించావు దీనికి," అన్నాడు.

"నోరు మూసుకుని తుడువు."

బందుల మరలు బిగించాడు. ముందు కాళ్ల కింద పల్చటి చెక్కముక్కలు దోపి, తలుపు దాని బరువుకి అదే వచ్చి పడేట్టు ఫ్రిజ్‌ని ఒక్క వెంట్రుకంత వెనక్కి వాల్చాడు. వేడి గుడ్డతో రబ్బరుకి కాపడం పెట్టి సాగదీశాడు. వేసలీను రాశాడు. అప్పుడు గోడమీది కోఆపరేటివ్ కొట్టు క్యాలెండర్లోంచి ఆ రోజు కాగితం చింపి, రబ్బరుకీ అంచుకీ మధ్య పెట్టి తలుపు వేశాడు. తలుపు సరిగ్గా పడుతోందా లేదా చూడ్డానికి అదే పద్ధతి. కాగితం లాగితే బిగువుగా రావాలి. జారిపోయి వస్తే సందున్నట్టు.

పైన బిగువుగా వచ్చింది. పక్కన బిగువుగా వచ్చింది. కింది మూలలో, బందు వైపు, కాగితం అతను లాగకముందే కదిలింది. నాలుక లోపలికి తీసుకున్నట్టు ఫ్రిజ్ దాన్ని లోపలికి లాగేసుకుంది.

"పోయింది," అన్నాడు.

"ఏం పోయింది?"

"కాగితం. ఇక్కడ సందుంది." మోకాళ్ల మీద వంగి చూశాడు. మూలలో రబ్బరు నాలుగు వేళ్ల మేర పగిలి, లోపలి అయస్కాంతం పట్టీ బయటికి కనిపిస్తోంది. పగుల్లోంచి సన్నగా గాలి వస్తోంది. ఫిబ్రవరి వాసన. ఇలా తెరిచి అలా మూసే తలుపుతో చలికాలానికి నష్టం ఉండదు, మళ్లీ పూడుకుంటుంది. ఆగకుండా కారే సందుతోనే ప్రమాదం.

హిల్యా అతని వెనక నిలబడి అప్రన్‌కి చేతులు తుడుచుకుంటోంది. "అంతా కారిపోతే ఏమవుతుంది టవునో?"

అతనికి తెలుసు. ఆవిడకీ తెలుసు. చలికాలం అయిపోతుంది. ఐసు కరుగుతుంది. ఐసు మీద మనిషున్నాడు.

"రబ్బరు మార్చాలి," అన్నాడు టవునో.

"మార్చు మరి."

అతని దగ్గర రబ్బరుంది. 1963 శరత్కాలంలో కోఆపరేటివ్ కొట్టుకి ఒకే రకం ఫ్రిజ్‌లు మూడు వచ్చాయి. ఒకటి ఇది, ఒకటి పాస్టరు గారిది, అది ఎప్పుడో చెత్తలోకి పోయింది. మూడోది టవునో వంటింట్లో ఉంది. దాని తలుపు రబ్బరు కొత్తదానిలా ఉంటుంది. ఒంటరి మనిషి ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీస్తాడు? వెళ్లి విప్పుకొచ్చి బిగిస్తే గంట పని.

ఆ మాట చెబుదామనే నోరు తెరిచాడు. ఆవిడ కిటికీ వెలుతురులో నిలబడి ఉంది. ముందు జుట్టు నెరిసింది. మెడ దగ్గర ఇంకా గోధుమరంగే. ఇరవై మూడేళ్లలో ఆమెతో వాతావరణం గురించీ, చేపల గురించీ, ఇంజన్ల గురించీ మాట్లాడాడు. ఇంకేదీ మాట్లాడలేదు. మాట్లాడ్డానికి దారి లేదు, మధ్యలో ఈ ఫ్రిజ్ ఉంది.

"తెప్పించాలి. డులూత్ పట్నం నుంచి," అన్నాడు. "పది రోజులు పట్టొచ్చు."

హిల్యా అతన్ని వింతగా చూసింది. "తెప్పిస్తావా? నువ్వా? కొని?"

"పగిలిన రబ్బరుని కుట్టమంటావా?"

"పోయినేడు బూటు అడుక్కి కారు టైరు అతికించావుగా, అందుకని అడిగాను."

"అది బూటు," అన్నాడు టవునో. పెట్టె మూసి ఇంటికొచ్చేశాడు.

మర్నాడు కోఆపరేటివ్ కొట్టుకి మేకులు కొనడానికి వెళితే కౌంటరు వెనకనుంచి ఐలి పలకరించింది. నలభై ఏళ్ల మనిషి, ఊళ్లో ఎవరింట్లో ఏ వస్తువు ఎప్పుడు కొన్నారో ఆమె నాలుక మీద ఉంటుంది.

"ఏంటి పెద్దాయనా, హిల్యాగారి ఫ్రిజ్ కారుతోందట కదా. జులైలో ఉన్ని చేతితొడుగులు అడిగి పట్టుకెళ్లింది."

"తలుపు రబ్బరు పగిలింది."

"అలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతాయి? తయారు చేయడం మానేసి పదేళ్లయింది. డులూత్‌లోనూ ఉండవు." మేకులు తూకం వేస్తూ ఒక్క క్షణం ఆగింది. "అవునూ, మీ ఇంట్లో ఉన్నదీ అదే కదా?"

"నా ఫ్రిజ్ నాకు అక్కర్లేదా?"

"అందులో ఏముంటాయండీ, ఒక వెన్న ముద్దా, మీ మొండితనమూ."

టవునో మేకులు తీసుకుని బయటికొచ్చాడు. దారి పొడుగునా తనకి తను చెప్పుకున్నాడు: నేనేమీ చెయ్యలేదు. పగలగొట్టింది నేను కాదు. ఏ రబ్బరైనా ఒకనాటికి పోతుంది. చలికాలం ఒకనాటికి అయిపోవాలి. ఇరవై మూడేళ్లు ఒక చలికాలానికి చాలా ఎక్కువ. వెయికో బయల్దేరిన రోజు నేను వద్దన్నాను, గాలి తిరుగుతుందన్నాను, నైరుతి నుంచి వస్తుందన్నాను. వాడు నవ్వి, నీకు బద్ధకం అన్నాడు. ఇద్దరం మొండివాళ్లమే. వాడు వెళ్లాడు, నేను ఉండిపోయాను. నేను అన్నదే జరిగింది. దానికి నేనేం చెయ్యను?

ఇలా చెప్పుకుంటే గుండెకి బాగానే ఉంది. కానీ ఇంటికొచ్చి వెన్నకోసం ఫ్రిజ్ తలుపు తీసి వేసినప్పుడల్లా, ఆ రబ్బరు మెత్తగా, బిగువుగా అంటుకునే చప్పుడు వినబడేది. అప్పట్నుంచి వెన్న బల్లమీదే ఉంచేశాడు.

రోజూ తొమ్మిదిన్నరకి వెళ్లేవాడు. రోజూ హిల్యా, "వచ్చిందా?" అనేది. "రాలేదు," అనేవాడు. మూడో రోజుకి నేలమీది మంచు గుమ్మం దాకా పాకింది. ఐదో రోజుకి పల్చబడింది. ఏడో రోజుకి మంచు లేదు, నీళ్లున్నాయి. హిల్యా తువాళ్లు పరిచి, పిండి, మళ్లీ పరుస్తోంది. పెరుగు మళ్లీ తోడుకోవడం మొదలైంది. ఆవిడ గిన్నె అతని ముందు పెట్టి, "చూడు, ఎంత బాగా తోడుకుందో," అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

పదిహేనో తేదీ బుధవారం వెళ్లేసరికి కాఫీ పొయ్యి మీద లేదు. టేబుల్ మీద పాత వార్తాపత్రిక, దానిమీద నాలుగు హెర్రింగ్ చేపలు ఉన్నాయి. గడ్డకట్టి లేవు. తడిగా, మెత్తగా, అప్పుడే నీళ్లలోంచి తీసినట్టున్నాయి. పొలుసుల మీంచి నీళ్లు కారి పత్రిక నానుతోంది. దారం ముడి వెయికోదే.

"దారానికి ఇది గుచ్చి ఉంది," అంది హిల్యా.

క్యాలెండర్ కాగితం. సోమవారం, జులై 6, 1987. వెనకవైపు మొద్దు పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. టవునో కళ్లజోడు తీసి తుడుచుకుని చదివాడు.

"ఈ కాగితం ఐసు మీద గాలికి వచ్చింది. కోఆపరేటివ్ వాళ్ల క్యాలెండర్ అచ్చు చాలా తప్పుగా ఉంది, ఎవరైనా చెప్పండి. వలలు ఇంకా రెండున్నాయి. పొద్దున్న గట్టిగా ఉన్న చోట ఇప్పుడు కాలి కింద నీళ్లు వినిపిస్తున్నాయి. టవునోకి చెప్పకండి. హిల్యాకి మాత్రం భోజనానికి కొంచెం ఆలస్యమవుతుందని చెప్పండి."

టవునో రెండోసారి చదివాడు. కాగితం టేబుల్ మీద పెట్టాడు.

"కొంచెం ఆలస్యం అంట," అంది హిల్యా. గొంతు మామూలుగానే ఉంది. "మనిషికి ఇంకా సాయంత్రమైనా కాలేదు టవునో. నేనేమో ఇన్నేళ్లు గడిచాయని తెలిసే అక్కడ ఉండిపోయాడు అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. ఎవరైనా ఒక్క మాట రాసి పడేస్తే సరిపోయేదని నాకు తోచనేలేదు."

"ఎవరికీ తోచలేదు."

"ఆ రబ్బరు ఎప్పుడొస్తుంది?"

టవునో లేచి ఇంటికెళ్లాడు. తన ఫ్రిజ్ తలుపు తీసి, రబ్బరు అంచు ఎత్తి, కింద వరసగా ఉన్న మరలు ఒక్కొక్కటీ విప్పాడు. ఇరవై నాలుగు మరలు. రబ్బరు ఊడదీసి, చెయ్యి దూర్చి భుజానికి దండలా వేసుకుని, గడ్డిలోంచి అడ్డంగా నడిచి వచ్చాడు.

హిల్యా ఆ రబ్బరు చూసింది. అతని ఇంటి వైపు చూసింది. మళ్లీ రబ్బరు చూసింది.

"ఎన్నాళ్ల నుంచి ఉంది ఇది నీ దగ్గర?"

"నీకు తెలుసు ఎన్నాళ్ల నుంచో."

"నీ నోటితో చెప్పు."

"మొదటి రోజునుంచీ. తొమ్మిది రోజులు."

ఆవిడ అతని మొహం చూసింది. ఎందుకు అని అడగలేదు, అడగక్కర్లేదు. ఇరవై మూడేళ్లు రోజూ ఎదురుగా కూర్చున్న మనిషి ఎందుకు కూర్చున్నాడో తెలియని అమాయకురాలు కాదు. ఆఖరికి తువాలు తీసి అతని చేతికిచ్చింది.

"తుడిచి బిగించు. తడి మీద పట్టదు."

బిగించాడు. పగిలిన రబ్బరు ఊడదీసి, కొత్తదాన్ని వేడినీళ్లలో మెత్తబరిచి, పై మూల నుంచి మొదలుపెట్టి మరలు ఒకటి విడిచి ఒకటి బిగిస్తూ వచ్చాడు. ఒకే వైపు బిగించుకుంటూ పోతే తలుపు మెలి తిరుగుతుంది. తలుపు వేశాడు. చుట్టూ వేళ్లతో తడిమాడు. క్యాలెండర్లోంచి ఇంకో కాగితం చింపి పెట్టాడు. పైన బిగువు. పక్కన బిగువు. కింది మూలలో పెట్టి, ఊపిరి బిగబట్టి, వదిలేశాడు. కాగితం కదల్లేదు. లాగితే కీచుమంది.

"ఐసు మళ్లీ గట్టిపడుతుందా?" అంది హిల్యా.

"తలుపు ముట్టుకోకుండా ఉంటే. రెండు రోజులు చాలు, మనిషి నడవడానికి."

"ఒడ్డు దాకా?"

"మధ్యలో గట్టిపడుతుంది. ఒడ్డు దగ్గర, ఈ మూల దగ్గర..." కింది మూల చూపించాడు. "ఇక్కడే ఎక్కువ కారింది. ఇక్కడ ఎంత మిగిలిందో నాకు తెలీదు."

హిల్యా తలూపింది. తర్వాత అంది, "శుక్రవారం పొద్దున్న రా. పార తీసుకురా. ఆయన్ని పిలుస్తాను."

"పిలవకూడదు," అన్నాడు టవునో. అలవాటు చొప్పున అనేశాడు.

"నీ సలహా అడిగానా?"

ఆ రెండు రోజులూ హిల్యా వెన్న, పాలు ఐలి ఇంట్లో పెట్టుకుంది. టవునో తన వాకిట్లో కూర్చుని ఆ ఇంటి కిటికీ చూస్తూ గడిపాడు. ఆవిడ వంటింట్లో కుర్చీ వేసుకుని ఫ్రిజ్ ఎదురుగా కూర్చుని ఉండడం కనిపించేది. ఒకసారి అద్దం తెచ్చుకుని మొహం చూసుకుంది. ఇంకోసారి తన ముప్ఫై రెండో ఏటి నీలం గౌను పెట్టెలోంచి తీసి, ఒంటికి ఆనించుకుని, మడిచి మళ్లీ లోపల పెట్టేసింది. రోజూ వేసుకునే బూడిదరంగు గౌనే వేసుకుంది.

శుక్రవారం తొమ్మిదిన్నరకి టవునో పార పట్టుకుని వచ్చాడు. హిల్యా రెండు తలుపులూ, కిటికీలూ తెరిచి పెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని ఫ్రిజ్ తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. టవునో కూడా ఒక చెయ్యి వెయ్యాల్సొచ్చింది, అంత బిగువుగా పట్టింది రబ్బరు.

లోపల తెల్లగా ఉంది. అరలు కనిపించలేదు. చాలా దూరంలో, అగ్గిపుల్లంత మనిషి ఒకడు వంగి తాడు చుడుతున్నాడు.

హిల్యా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. గట్టిగా పిలిచింది.

"వెయికో! ఇంటికి రా!"

అగ్గిపుల్ల నిటారుగా అయింది. ఇటు తిరిగింది.

"రెండో వల ఇంకా తీయలేదు!" అన్న కేక చాలాసేపటికి వచ్చింది.

"వల వదిలెయ్! ఇప్పుడే రా!"

అతను వదిలేసినట్టే ఉంది. నడిచాడు. అతను దగ్గరౌతున్న కొద్దీ అతని ముందు చలికాలం బయటికి తోసుకొచ్చింది. ముందు గాలి వచ్చింది, కర్టెన్లు ఎగిరి పైకప్పుని తాకాయి. తర్వాత మంచు. వంటింటి నేల నిండి, కుర్చీ కాళ్లు మునిగి, పొయ్యి అంచుదాకా లేచింది. టవునో పారతో మంచుని గుమ్మం బయటికి తోస్తూనే ఉన్నాడు. పదకొండు రోజుల తుపాను మొత్తం జులై ఎండలోకి వెళ్లి మెట్ల మీద నీళ్లై పారింది. వీధిలో నడుస్తున్న ఐలి గేటు దగ్గర ఆగి, "ఇంకో పార కావాలా?" అని అరిచి, జవాబు రాకముందే కొట్టుకి వెళ్లి తెచ్చింది.

ఆఖరి పది అడుగుల్లో, కింది మూల దగ్గర, ఐసు విరిగిన చప్పుడు వినిపించింది. హిల్యా అరవలేదు. నడుము దాకా లోపలికి వంగి, చెయ్యి చాచి, దొరికిన దాన్ని పట్టుకుంది. టవునో ఆవిడ నడుము పట్టుకున్నాడు. ఐలి టవునో బెల్టు పట్టుకుంది. లాగారు.

వెయికో ఫ్రిజ్‌లోంచి వంటింటి నేలమీద పడ్డాడు. ముప్ఫై మూడేళ్ల మనిషి, గడ్డం నిండా తెల్లటి ఐసు, ఎడమకాలు మోకాలి దాకా తడి. ఒక చేతిలో చేపల దారం. లేచి కూర్చుని ముందు హిల్యాని చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగా ఆలస్యమైనట్టుంది," అన్నాడు.

"అయింది."

"క్యాలెండర్ తప్పు కాదన్నమాట."

"కాదు."

"నీ జుట్టు..."

"నాకు యాభై ఐదేళ్లు. తర్వాత మాట్లాడుకుందాం. బూటు విప్పు."

అతను వంగి బూటు తాడు విప్పబోయాడు. వేళ్లు ఆడలేదు. టవునో ముందుకొచ్చి కూర్చుని, తాడు కోసి, తడిసిన బూటు మెల్లగా లాగాడు. వెయికో అప్పుడు అతన్ని పోల్చుకున్నాడు.

"ఓరి నీ! నువ్వెంత ముసలోడివయ్యావురా." ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు అన్నాడు, "గాలి నైరుతి నుంచే తిరిగింది. నువ్వన్నట్టే."

ఇరవై మూడేళ్లు ఆ మాట వినాలని ఎదురుచూసిన టవునో మేజోడు విప్పుతున్నాడు.

"విచిత్రం ఏమిటంటే," అన్నాడు వెయికో, "మధ్యలో ఐసు రాయిలా ఉంది. ఈ ఒడ్డు దగ్గరే పాడైంది. పొద్దున్నుంచి ఎవరో కావాలని కరిగిస్తున్నట్టు."

హిల్యా టవునో వంక చూడలేదు. చెప్పనూ లేదు. లోపలి గదిలోంచి దుప్పటి తెచ్చి వెయికో భుజాల మీద కప్పింది.

"నేనే," అన్నాడు టవునో. "నా దగ్గర రబ్బరుండీ తొమ్మిది రోజులు ఊరుకున్నాను."

వెయికో అతని మొహం చూశాడు, హిల్యా మొహం చూశాడు, కిటికీ పక్క ఖాళీ కుర్చీ చూశాడు. అర్థం చేసుకోవడానికి అతనికి అట్టే సేపు పట్టలేదు. ఆ తీరంలో మనుషులు మాటలు తక్కువ వాడతారు కానీ, చూడ్డం బాగా తెలుసు.

"సరే," అన్నాడు. "ముందు నన్ను లేపు."

టవునో అతన్ని లేపి, భుజాన వేసుకుని, తన పికప్పు దాకా నడిపించాడు. ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు, మధ్యలో హిల్యా, ఆవిడ ఒళ్లో వెయికో కాలు. ఆసుపత్రి నలభై మైళ్ల దూరం. వెనక వంటింట్లో ఐలి మిగిలిన మంచు ఎత్తిపోసి, నేల తుడిచి, ఫ్రిజ్ లోపల చూసింది. వెనక రేకు తెల్లగా, పొడిగా కనిపించింది. వైరు చుట్ట విప్పి గోడకి పెట్టింది. మోటారు గుర్రుమని మొదలై, మామూలు ఫ్రిజ్‌లాగే తిరగసాగింది. తలుపు చక్కగా పట్టింది.

ఆసుపత్రిలో డాక్టరు అదే రోజు మధ్యాహ్నం చలికి చచ్చుబడిన వెయికో ఎడమకాలి వేళ్లు మూడు తీసేశాడు.